పాత కాలి హార్మోనియం మళ్ళీ పలికించడం ఎలా?

పద్య నాటకాల స్టేజీ పక్కన కుర్చీ వేసుకుని, రెండు కాళ్ళతో తొక్కుతూ రెండు చేతులతో వాయించే హార్మోనియం పెట్టెని ఇప్పటి పిల్లలు చాలామంది చూసి ఉండరు. ఇప్పుడు ఎక్కడ చూసినా చేతి హార్మోనియం, అదీ కాదంటే కీబోర్డు. కాలి హార్మోనియంలు అటకల మీద, సామాన్ల గదుల్లో పడి ఉన్నాయి. అప్పుడప్పుడు ఎవరో ఒకరు దాన్ని కిందికి దించుతారు, దుమ్ము దులుపుతారు, మూడు మెట్లు పలకట్లేదు, రెండు అపశ్రుతిగా ఉన్నాయి అనుకుని నేరుగా ఆకురాయి పట్టుకుంటారు. ఇక ఆ పెట్టె పని అయిపోయినట్టే. ఇలా పాడైపోయిన రీడ్లు (లోపల గాలికి ఊగి పలికే ఇత్తడి నాలుకలు) చూసీ చూసీ విసుగొచ్చి రాస్తున్నాను.

సామాను పెద్దగా ఏం అక్కర్లేదు. రెండు సైజుల స్క్రూడ్రైవర్లు, మెత్తటి బ్రష్, టార్చి, కొత్త బ్లేడు, బాగా సన్న పళ్ళున్న చిన్న ఆకురాయి, పలుచగా గట్టిగా ఉండే ప్లాస్టిక్ షీటు ముక్క. స్క్రూడ్రైవర్ చేతిదే ఉండాలి, కరెంటుది వద్దు. పాత చెక్కలో మర పట్టు ఒకసారి పోతే మళ్ళీ రాదు. విప్పే ముందు ఫోటోలు తీసుకోండి, స్క్రూలు ఏ వరుసలో తీశారో అదే వరుసలో అట్టముక్కకి గుచ్చి పెట్టుకోండి. పై మూత తీసి లోపలి దుమ్ము బ్రష్‌తో బయటికి తోయండి. నోటితో ఊదొద్దు, తడి పడుతుంది.

రీడ్ల జోలికి వెళ్ళే ముందు తిత్తులు, అంటే గాలి నింపే మడతల తోలు సంచులు, చూడాలి. మెట్లేవీ నొక్కకుండా తొక్కండి, లోపలి తిత్తి నిండాక కాళ్ళు తీసేయండి. అది నిదానంగా దిగితే మంచిదే, కాలు తీయగానే కూలబడితే గాలి పోతున్నట్టు. చెయ్యి తడిపి మడతల మూలల దగ్గర, అతుకుల వెంబడి పెట్టి చూడండి, ఎక్కడ చల్లగా తగిలితే అక్కడే చిల్లు. దాని మీద పలుచటి మెత్తటి తోలు ముక్క అతికించండి. జిగురు మాత్రం వడ్రంగులు వేడిచేసి వాడే పాత రకమే వాడాలి, ఎందుకంటే రేపు ఎవరైనా మళ్ళీ విప్పాలంటే వేడి తడిగుడ్డ పెడితే ఊడి వస్తుంది. ప్లాస్టిక్ టేపు అతికించిన తిత్తి నా దగ్గరికి వస్తే ముందు ఆ టేపు పీకడానికే సగం రోజు పోతుంది. పెడల్‌ పట్టీలు చీలికలు పడి ఉంటే అతికే ప్రయత్నం చేయకుండా రెండూ ఒకేసారి మార్చేయండి. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే తొక్కుడు సమంగా రాదు.

తిత్తి బాగైతే సగం రోగం తగ్గిపోతుంది. "అపశ్రుతి" అని తెచ్చే పెట్టెల్లో చాలావాటికి గాలి చాలకపోవడమే జబ్బు.

ఇంత తంటా ఎందుకు, చేతి హార్మోనియం కొనుక్కోవచ్చు కదా అంటారు. కొనుక్కోండి. కానీ దాంట్లో ఒక చెయ్యి తిత్తికే పోతుంది. కాలి పెట్టెకి రెండు చేతులూ ఖాళీ, కుడి చెయ్యి పద్యం వెంట పరిగెడుతుంటే ఎడమ చెయ్యి కింది స్థాయి పట్టుకుని ఉంటుంది. మైకులు లేని రోజుల్లో ఊరంతా కూర్చున్న మైదానంలో చివరి వరసకి వినపడాలంటే ఆ గాలి, ఆ బలం కావాల్సిందే. 1840ల్లో ప్యారిస్‌లో అలెగ్జాండర్ డెబైన్ హార్మోనియం అని పేరు పెట్టి చేసిన వాయిద్యం కూడా కాళ్ళతో తొక్కేదే, చేతి తిత్తి మన దేశంలో నేల మీద కూర్చుని వాయించేవాళ్ళ కోసం తర్వాత వచ్చింది. స్వరాన్ని ఊపుతూ పలికే గమకం దీంట్లో రాదని ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని దగ్గరికే రానివ్వలేదు. ఆ ఏళ్ళలో కూడా మన నాటకాల్లో పద్యానికి ముందు శ్రుతి అందించింది, రాగం తీసింది, వన్స్‌మోర్ అంటే మళ్ళీ మొదటి నుంచి అందుకున్నది ఈ పెట్టే. సరే, పనిలోకి వద్దాం.

ఇక రీడ్లు. ఇక్కడ మాత్రం నిదానం.

రీడ్ అంటే ఒక ఇత్తడి పలక, దానికి సన్నటి పొడుగు కంత, ఆ కంత మీద ఒక ఇత్తడి నాలుక. నాలుక ఒక చివర రివెట్‌తో బిగించి ఉంటుంది, దాన్ని మొదలు అందాం. రెండో చివర గాలిలో ఉంటుంది, అది కొన. గాలి తగిలితే నాలుక ఆ కంతలో పైకీ కిందికీ ఊగుతుంది. నాలుకకీ కంత అంచుకీ మధ్య సందు కాగితం మందం కూడా ఉండదు. అందుకే ఒక దుమ్ము పోగు చాలు, నోరు పడిపోవడానికి.

పలకని రీడ్‌ని ముందు దుమ్ము అనే అనుకోండి. ప్లాస్టిక్ షీటు ముక్కని నాలుక కిందికి కొన వైపు నుంచి మెల్లగా దూర్చి, మళ్ళీ కొన వైపుకే లాగండి. అడ్డంగా జరపొద్దు, నాలుక పక్కకి ఒరుగుతుంది. గరగరమంటోందంటే నాలుక అంచుకి రాసుకుంటున్నట్టు. రీడ్ విప్పి వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే రెండు పక్కలా రెండు సన్న వెలుగు గీతలు కనిపించాలి, ఒకటే కనిపిస్తే నాలుకని మొదలు దగ్గర పట్టుకుని వెంట్రుకంత జరపాలి. మెట్టు నొక్కిన కాసేపటికి గానీ పలకడం లేదంటే కొన పలకకి మరీ దగ్గరగా అంటుకుని ఉంది, కాస్త లేపాలి. మరీ లేచి ఉంటే గాలి తాగేస్తూ బుస్సుమంటుంది. ఇవన్నీ సరిచేశాకే, అప్పటికీ శ్రుతి తేడా ఉంటేనే, ఆకురాయితో గీకే మాట ఎత్తాలి.

గీకకూడని రీడ్ కూడా ఒకటుంది. నిన్నటిదాకా బాగుండి ఉన్నట్టుండి శ్రుతి అర మెట్టు (పక్కపక్క స్వరాల మధ్య దూరం), ఒక్కోసారి పూర్తి మెట్టు కిందికి దిగిపోయిన రీడ్. అది మొదలు దగ్గర పగిలింది. కంటికి కనపడని పగులు. కొన దగ్గర గీకి పైకి లాగితే రెండు రోజులు పలికి విరిగి లోపల పడుతుంది. రీడ్ మార్చాల్సిందే.

మిగిలినవాటికి సూత్రం చిన్నదే. కొన దగ్గర గీకితే బరువు తగ్గి శ్రుతి పెరుగుతుంది. మొదలు దగ్గర గీకితే గట్టిదనం తగ్గి శ్రుతి దిగుతుంది. ఈ రెండు ముక్కలు తెలిస్తే చాలనుకునేవాళ్ళే రీడ్లు పాడు చేసేది. నాలుక కింద షీటు ముక్క దన్నుగా పెట్టకుండా గీకొద్దు, వంగిపోతుంది. ఎప్పుడూ పొడుగు వెంబడే గీకండి. అడ్డగీత పడితే రేపు పగులు అక్కడే మొదలవుతుంది. రెండు మూడు గీతలు, అంతే. పొడి బ్రష్‌తో తుడిచి, చల్లారనిచ్చి (ఆకురాయి రాపిడికీ వేళ్ళకీ ఇత్తడి వేడెక్కుతుంది, వేడి రీడ్ చెప్పే శ్రుతి నమ్మొద్దు), మళ్ళీ దాని చోట పెట్టి, స్క్రూలు పూర్తిగా బిగించి, తొక్కి వినండి. బల్ల మీద ఊది చూస్తే చాలదు, పెట్టెలో కూర్చున్న రీడ్ శ్రుతి వేరు. పైగా తొక్కుడు గట్టిగా పడితే శ్రుతి కాస్త జారుతుంది, కాబట్టి ప్రతిసారీ ఒకే బలంతో, పద్యానికి తొక్కినంతే తొక్కాలి. అవును, ఒక్క రీడ్‌కి ఇలా పదిసార్లు విప్పి బిగించాల్సి రావచ్చు. ఓపిక లేకపోతే దాన్ని అలాగే వదిలేయండి, కాస్త తేడాగా పలికే రీడ్ నయం, అరిగిపోయిన రీడ్ కంటే.

దేంతో పోల్చి సరిచేయాలి? అందరూ ఫోన్‌లో ట్యూనర్ యాప్ తెరుస్తారు. తెరవొద్దు. యాప్ ఆరు శ్రుతి షడ్జం (ఇంగ్లీషు లెక్కలో A) అంటే సెకనుకి 440 కంపనాలు అంటుంది. పాత పెట్టెలు కొన్ని 450 దాటి కూడా ఉంటాయి, అంటే దాదాపు పావు స్వరం పైన. ఒక రీడ్‌ని 440కి దించితే మిగతా పెట్టె అంతా దానికి శత్రువే. పెట్టెకి దాని శ్రుతి దానికుంటుంది. అదే స్వరం పై స్థాయిలోనో కింది స్థాయిలోనో బాగా పలుకుతున్న మెట్టుతో కలిపి నొక్కండి. తేడా ఉంటే నాదం అలలు అలలుగా ఊగుతుంది. అలలు నెమ్మదిస్తుంటే సరైన దారిలో ఉన్నారు, వేగం పెరిగితే చెయ్యి ఆపి రెండో వైపు ఆలోచించండి. 440 చుట్టుపక్కల సెకనుకి ఒక అల అంటే తేడా సుమారు నాలుగు సెంట్లు, అంటే అర మెట్టులో నూటికి నాలుగు వంతులు. అక్కడికి వచ్చాక ఇక గీకొద్దు. పూర్తిగా కలపాలన్న పట్టుదలతో వేసే ఆఖరి రెండు గీతలే ఎక్కువ రీడ్లని అవతలి వైపుకి దాటించేస్తాయి.

రెండు వరసల రీడ్లుంటే పరీక్షించేటప్పుడు రెండో వరస మూసేయండి. ఇంకో మాట, కొన్ని పెట్టెల్లో ఒక వరసని కావాలనే కొంచెం తేడాగా పెడతారు, నాదం కదులుతూ వినిపించడానికి. దాన్ని తప్పనుకుని "సరిచేసిన"వాళ్ళు ఉన్నారు!

తొక్కడం గురించి రెండు ముక్కలు. మడమ పెడల్ మీదే ఉండాలి, పని చీలమండది. ఒక కాలు కింది దాకా వెళ్ళకముందే రెండోది మొదలవ్వాలి, లేకపోతే ప్రతి తొక్కుకీ నాదం ఎగిరెగిరి పడుతుంది. చెప్పులతో తొక్కొద్దు.

మూత బిగించాక వెనక వైపు కంతలకి సన్న ఇనప జాలీ కొట్టండి, తిత్తుల తోలు అంటే ఎలుకలకి మహా ఇష్టం. వాన నీళ్ళు తగిలే చోట, ఎండ నేరుగా పడే కిటికీ పక్కన పెట్టొద్దు. నెల తర్వాత ఒకసారి విప్పి రీడ్ల స్క్రూలు చూడండి, ఒకటో రెండో వదులై ఉంటాయి.