ప్రొస్టేట్ కణాలపై భారలోహాలు – 3వ పాఠం: కాడ్మియం ప్లేటు

ఆర్‌డబ్ల్యూపీఈ-1 కణాలను పెంచడం గత పాఠంలో చూశాం. ఇవి మానవ ప్రొస్టేట్ నుంచి తీసి, పాపిలోమా వైరస్ 18 సాయంతో ఆగకుండా పెరిగేలా చేసిన కణాలు, కణితి పెట్టవు. ఇప్పుడు వీటికి కాడ్మియం ఇచ్చి, ఏ మోతాదుకు ఎంత నష్టమో కొలుద్దాం. ట్యూబు మీద మనం రాసుకున్న మోతాదు వేరు, కణానికి అందే మోతాదు వేరు. ఈ పనిలో తప్పులు చాలావరకు ఆ తేడా దగ్గరే పుడతాయి.

ముందు మూల ద్రావణం. నీరులేని కాడ్మియం క్లోరైడ్ 18.3 మిల్లీగ్రాములు 10 మిల్లీలీటర్ల శుద్ధజలంలో కరిగిస్తే 10 మిల్లీమోలార్ వస్తుంది. సీసా మీద రెండున్నర నీటి అణువులున్న రూపమని ఉంటే 22.8 మిల్లీగ్రాములు తీసుకోవాలి. లేబుల్ చూడకుండా 18.3 తూచారంటే మోతాదులన్నీ ఐదో వంతు తగ్గిపోతాయి. ఫాస్ఫేట్ ఉన్న ఉప్పు ద్రావణమైన పీబీఎస్‌లో కరిగించవద్దు, ఫాస్ఫేట్‌తో కలిసి కాడ్మియం అడుగుకు దిగిపోతుంది. పొడి పీలిస్తే ఊపిరితిత్తులకు ప్రమాదం. అందుకే ఫ్యూమ్ హుడ్‌లో, గ్లవ్స్‌తో తూచండి. మిగిలిన ద్రవం ఒక్క చుక్క కూడా సింకులో పోయవద్దు, లోహ వ్యర్థాల డబ్బాలోనే వేయాలి.

కణాలను ట్రిప్సిన్‌తో (గిన్నెకు అంటుకున్న కణాలను విడదీసే ఎంజైమ్) లేపాక 2 శాతం సీరం కలిపిన పీబీఎస్‌తో ట్రిప్సిన్‌ను ఆపి, సెంట్రిఫ్యూజ్ చేసి, పైద్రవం పూర్తిగా తీసేయండి. ఇక్కడ తొందరపడితే ప్లేటంతా పాడవుతుంది. ట్రిప్సిన్ ద్రావణంలో ఉండే ఈడీటీఏ అనే రసాయనం మిగిలితే కాడ్మియాన్ని పట్టేస్తుంది, సీరంలోని ఆల్బుమిన్ కూడా అంతే. పీసీ-3 అనే ప్రొస్టేట్ క్యాన్సర్ కణాలను సాధారణంగా 10 శాతం సీరంలో పెంచుతారు. సీరం లేని ఈ మీడియంలో వచ్చిన అంకెను పీసీ-3 అంకె పక్కన పెట్టి పోల్చడం అందుకే సరికాదు.

96 వెల్స్ (చిన్న గుంటలు) ఉన్న ప్లేటులో అంచు వెల్స్ త్వరగా ఆవిరైపోతాయి. వాటిలో పీబీఎస్ నింపి, లోపలి 60 మాత్రమే వాడండి. ఒక్కో నిలువు వరసలో 6 వెల్స్ చొప్పున 10 వరసలు వస్తాయి: కణాలు లేని మీడియం, కణాలు లేకుండా 80 మైక్రోమోలార్ కాడ్మియం, కాడ్మియం లేని కణాలు, ఆపై 7 మోతాదులు. కణాలుండే 48 వెల్స్‌లో ఒక్కోదానికి 8,000 కణాలు, 100 మైక్రోలీటర్లలో. పలచగా వేస్తే ఒక్కో కణానికి వచ్చే లోహం పెరిగి నష్టం ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి ప్రతిసారీ లెక్కపెట్టే వేయండి.

24 గంటల తర్వాత మూల ద్రావణం 24 మైక్రోలీటర్లు, మీడియం 2,976 మైక్రోలీటర్లు కలపండి: అది 80 మైక్రోమోలార్. అందులోంచి 1 మిల్లీలీటర్ తీసి మరో 1 మిల్లీలీటర్ మీడియంలో కలిపితే 40. ఇలా సగం చేసుకుంటూ 1.25 వరకు దిగండి. పాత మీడియం తీసి వెల్‌కు 100 మైక్రోలీటర్లు పోసి, మరో 24 గంటలు ఇంక్యుబేటర్‌లో ఉంచండి.

ఆపై కాడ్మియం మీడియం తీసేసి, మిల్లీలీటర్‌కు 0.5 మిల్లీగ్రాముల ఎంటీటీ (బతికున్న కణాలు ఊదా రంగుకు మార్చే పసుపు రంగు పదార్థం) ఉన్న తాజా మీడియం 100 మైక్రోలీటర్లు, 3 గంటలు. దాన్ని తీసి 100 మైక్రోలీటర్ల డీఎంఎస్‌ఓ అనే ద్రావణిలో ఊదా స్ఫటికాలు కరిగించి 570 నానోమీటర్ల దగ్గర చదవండి. కణాలు లేని మీడియం వరస విలువ తీసేసి, కాడ్మియం లేని కణాలతో భాగించండి.

మోతాదుల వారీగా ఈ విలువల గీత మొదట చదునుగా సాగి, తర్వాత ఒక్కసారిగా పడితే కంగారు వద్దు. కణంలోని మెటలోథయొనిన్ అనే ప్రొటీన్ ఒక్కో అణువు ఏడు కాడ్మియం అయాన్ల వరకు పట్టుకుంటుంది, అది నిండాకే నష్టం బయటపడుతుంది. జింక్ అదనంగా ఇచ్చిన కణాల్లో ఈ ప్రొటీన్ ముందే పెరిగి ఉంటుంది, వాటిని ఈ ప్లేటుకు వాడకండి. ఇంకో మాట: ఎంటీటీ చెప్పేది కణం రంగును మార్చగలిగిందా లేదా అన్నదే, చచ్చిందని కాదు. అందుకే సగానికి పడిన మోతాదు దగ్గర చచ్చిన కణాలకే పట్టే ట్రిపాన్ బ్లూ రంగుతో తప్పక సరిచూడండి.

10 మైక్రోమోలార్ వరస బాగుంటే అది నిరపాయమనుకోవద్దు. ఇదే కణాలు అదే మోతాదులో 8 వారాలు పెరిగాక, ఎలుకల్లో కణితులు పెట్టేలా మారాయని 2001లో ప్రచురితమైంది. తర్వాతి పాఠం ఆ దీర్ఘకాల వర్ధనమే. ఈ ప్లేటుకు వాడిన పాసేజ్ (కణాలను కొత్త గిన్నెలోకి మార్చిన విడత) నుంచే రెండు వయల్స్ ద్రవ నత్రజనిలో దాచి ఉంచండి.