మైక్రోబ్రూవరీకి వెళ్తే ఐపీఏ చివర్లో తాగండి

బెంగళూరు ఇందిరానగర్‌లోని టాయిట్ లాంటి మైక్రోబ్రూవరీకి, అంటే బీరు అక్కడే తయారుచేసి అమ్మే చోటికి వెళ్తే మొదటే పెద్ద గ్లాసు చెప్పకండి. శాంప్లర్ ఉందేమో అడగండి. అక్కడ తయారైన రకాలు చిన్న చిన్న గ్లాసుల్లో తెచ్చి పెడతారు.

ఇక తాగే వరుసే అసలు విషయం. ముందు గోధుమ బీరు, తర్వాత ఎర్రటి ఏల్ బీరు, ఆ తర్వాత నల్లటి స్టౌట్ బీరు, అన్నిటికన్నా చివర ఐపీఏ, అంటే ఇండియా పేల్ ఏల్ అనే చేదు బీరు. ఐపీఏతో మొదలుపెడితే అందులో వేసే హాప్స్ పువ్వుల చేదు నాలుకను పట్టేస్తుంది, తర్వాత గోధుమ బీరు తాగినా నీళ్లలాగే ఉంటుంది. జర్మన్ పద్ధతిలో చేసే గోధుమ బీరు హెఫెవైజెన్‌ను ఒకసారి వాసన చూసి తాగండి. అరటిపండు, లవంగం గుర్తొస్తాయి. అందులో ఆ రెండూ వెయ్యరు, అదంతా బీరును పులియబెట్టే ఈస్ట్ చేసే పని! నాకు అన్నిటికన్నా ఇష్టమైన రకం అదే. స్టౌట్ గ్లాసును మాత్రం పది నిమిషాలు పక్కన ఉంచండి. మరీ చల్లగా ఉంటే బాగా వేయించిన మాల్ట్, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీలోని కాఫీ వాసన సరిగా తెలియదు.

మధ్యమధ్యలో మంచినీళ్లు తాగండి. చిల్లీ చికెన్, మసాలా పల్లీలు రుచులన్నీ చూశాకే తెప్పించుకోండి, కారం తగిలితే బీర్ల మధ్య తేడా తెలియదు.

చిన్న గ్లాసులే కదా అనుకోవద్దు. 100 మిల్లీలీటర్లవి ఆరు తాగితే 600 అవుతుంది, అంటే దాదాపు ఒక పెద్ద సీసా. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే బండి నడపడం నేరం. ఇందిరానగర్‌కు పర్పుల్ లైన్ మెట్రో ఉంది, బండి ఇంట్లోనే ఉంచి వెళ్లండి.