అంగన్‌వాడీలో పిల్లలు ఆకుకూర పప్పు ఎలా తిన్నారంటే

మా సెంటర్‌కు వచ్చే మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు గుడ్డు ఇష్టంగా తినేవాళ్లు. తోటకూర పప్పు పెడితే మాత్రం ఆకులు ఏరి పక్కన పెట్టేసేవాళ్లు. బతిమాలడం, బలవంతం రెండూ మానేశాం. కూర కడిగాక ఆకులు తుంచే పని పిల్లలకే ఇచ్చాం. "ఇది నేను తుంచిందే టీచర్!" అంటూ నోట్లో పెట్టుకున్నారు. ముందు ఒక్క చెంచాడే వడ్డిస్తాం, అడిగితే మళ్లీ వేస్తాం. నేనూ పక్కనే కూర్చుని అదే తింటాను. అన్నిటికన్నా బాగా పనిచేసింది ఇదేనని నా నమ్మకం. పప్పు దించాక నిమ్మకాయ పిండుతాం. అందులోని సి విటమిన్ వల్ల ఆకుకూరలోని ఐరన్ ఒంటికి బాగా అందుతుంది.

అసలు చిక్కు పొద్దున్నే చేతికిచ్చే చిప్స్ ప్యాకెట్. ఆకలి అక్కడే చచ్చిపోతుంది. తల్లుల మీటింగ్‌లో ఈ సంగతి చెప్పి, బదులుగా అరటిపండో, ఉడికించిన చిలగడదుంపో ఇమ్మన్నాం. చాలామంది మారారు. మిగతావాళ్ల ఇళ్లకు వెళ్లి మాట్లాడుతున్నాం.