బొత్తాం పుట్టిల్లు వెతకడం ఎలా

మాది టైలరింగ్ షాపు. వీధి చివరి పెద్దావిడ వచ్చి "బొత్తాలు ఊడాయమ్మాయ్, కాస్త కుట్టిపెట్టు" అంటుంది. అదే చొక్కా చూపించి ఆవిడ మనవడు "బటన్స్" అంటాడు. బటన్ అనే మాటే మనవాళ్ల నోట్లో నలిగి బొత్తాం అయిందని చాలాకాలం అనుకున్నాను. అంతకుముందైతే ఇంకా ఘోరం, గుండ్రంగా ఉంటుంది కదా, బొట్టులోంచే పుట్టిందనుకున్నా! మీరు ఏ మాట వెంట పడినా ముందు ఇలాంటి ఊహలు కట్టిపెట్టండి.

మొదట అక్షరాలు చూడండి. ఇంగ్లీషు మాటలు మనకు 'ట'తో వస్తాయి: టికెట్, కోటు, బటన్. బొత్తాంలో 'త' ఉంది, తువ్వాలులో ఉన్నట్టే. తువ్వాలు పోర్చుగీసు మాట.

తర్వాత ఇరుగుపొరుగును అడగండి. తమిళంలో పొత్తాన్, సింహళంలో బొత్తమ, బెంగాలీలో బోతాం. ఇవన్నీ ఒక కుటుంబం భాషలు కావు, కానీ అన్నిటికీ సముద్రం ఉంది. అలాంటప్పుడు ఓడల్ని అనుమానించాలి. 1498లో కాలికట్ చేరిన పోర్చుగీసు వాళ్ల భాషలో దీని పేరు బొతావ్. చివర ముక్కుతో పలకాలి. ఆ ముక్కు శబ్దమే మన దగ్గర సున్నా అయింది.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఆపకండి, వాళ్లకెక్కడిదో కూడా అడగండి. మేం కుట్టే కాజా ఉంది చూశారూ, (తాపేశ్వరం కాజాకీ దీనికీ చుట్టరికం లేదు) అది పోర్చుగీసు 'కాజ', అంటే ఇల్లు. అది నేరుగా లాటిన్ సొత్తు. ఆ ఇంట్లో దూరే బొత్తాం మాత్రం ఫ్రెంచ్ నుంచి వచ్చింది. పాత ఫ్రెంచ్‌లో 'బొతోన్', నెట్టడం అనే అర్థమున్న 'బుతే' అనే క్రియలోంచి పుట్టింది.

నమ్మకం కుదరకపోతే మిగతా అర్థాలు చూడండి. ఫ్రెంచ్‌లో ఆ మాటకి మొగ్గ అనీ, మొటిమ అనీ కూడా అర్థం. రెండూ లోపల్నుంచి తోసుకొచ్చేవే. పోర్చుగీసులోనూ గులాబీ మొగ్గ బొతావే. ఇంగ్లీషు బటన్ కూడా ఆ పాత ఫ్రెంచ్ మాట పిల్లే. అంటే పెద్దావిడా మనవడూ ఇద్దరూ ఫ్రెంచే మాట్లాడుతున్నారన్నమాట.

చెయ్యి తిరగడానికి ఇంకో మాట ఇస్తా: పలెతో. బ్రెజిల్లో మగవాళ్ల కోటు. అది ఫ్రెంచ్ 'పాల్తో' అని తేల్చడం తేలికే. అక్కడ ఆగితే మాత్రం తప్పు, ఫ్రెంచ్ వాళ్లు దాన్ని పాతకాలపు ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నారు.