వైద్యం వైజాగ్‌లో, కేసు రాయగడలో

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు మనవాళ్ళం పెద్ద జబ్బు చేస్తే వైజాగో శ్రీకాకుళమో పరిగెడతాం. అక్కడ వైద్యం తేడా కొడితే మాత్రం "ఆంధ్రా కోర్టుల చుట్టూ ఎవడు తిరుగుతాడు, వకీలుకి ఎంత పోయాలి" అని ఊరుకుంటాం. 2020 జులైలో అమల్లోకి వచ్చిన వినియోగదారుల చట్టం ప్రకారం, మీరు ఎక్కడ ఉంటే ఆ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. డబ్బు కట్టి చేయించుకున్న వైద్యమై ఉండాలి, అంతే.

ముందు కాగితాలు పట్టండి. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే చాలదు. నర్సుల నోట్స్, ఆపరేషన్ నోట్స్, కన్సెంట్ ఫారంతో సహా కేస్ షీట్ మొత్తం కావాలని రాసిచ్చి, మీ కాపీ మీద స్టాంపు వేయించుకోండి. మేం ఇవ్వం అని వాళ్ళంటే, అదే కాగితం స్పీడ్ పోస్టులో పంపండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లోనే ఉంది. మందుల షాపు బిల్లులు ఏ రోజువి ఆ రోజే జిరాక్స్ తీయించండి. మేం కవర్లో భద్రంగా దాచి ఏడాదికి తీసి చూస్తే అక్షరాలు చెరిగిపోయి సగం తెల్లకాగితాలే.

కన్సెంట్ ఫారం దగ్గర ఆగి చూడండి. మా పెదనాన్న ఆపరేషన్‌కి సంతకం పెట్టింది మా తమ్ముడు. వాడిది ఒడియా మీడియం, ఇంట్లో తెలుగే మాట్లాడతాడు గానీ చదవలేడు, ఫారమేమో తెలుగులో ఉంది. అందులో ఏముందో ఎవరూ చెప్పలేదు, రాత్రి పదకొండింటికి గీత పెట్టిన చోట పెట్టేశాడు. విషయం వివరించి తీసుకున్నదే సమ్మతి అని 2008లోనే సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి ఇలాంటిది ఫిర్యాదులో తప్పకుండా రాయాలి. తెలుగు కాగితాలకి ఇంగ్లీషు అనువాదం జత చేయండి.

ఒక్కమాట, నయం కాలేదు కాబట్టి డాక్టరుదే తప్పంటే కేసు నిలవదు. మామూలు డాక్టరెవరైనా చేసే పని ఈయన మానేశాడా, అదీ ప్రశ్న. ఇంకో డాక్టరు రాసిస్తే మంచిదే, కానీ ఒకరి మీద ఒకరు రాయరు కదా! నిపుణుడి అభిప్రాయం ప్రతి కేసులోనూ అక్కర్లేదని 2010లో, మలేరియాకి టైఫాయిడ్ మందులిచ్చిన హైదరాబాద్ కేసులో, సుప్రీంకోర్టే తేల్చింది.

ఖర్చంటారా, వైద్యానికి కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు సున్నా, 10 లక్షల వరకు 200 రూపాయలు. మీరు అడిగే పరిహారంతో దానికి సంబంధం లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు, వినియోగదారుల కేసులు ఆన్‌లైన్‌లో వేసే ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే వేయొచ్చు. చట్టంలో 3 నెలల్లో తేల్చాలని ఉంటుంది, మీరు మాత్రం ఏళ్ళ లెక్క వేసుకోండి.

ఫిర్యాదు వేయడానికి గడువు 2 ఏళ్ళు. రాజీ మాటలతో ఆస్పత్రివాళ్ళు తిప్పుతూ ఉంటే మేం 11 రోజులు మిగిలాయనగా వేశాం, ఆ టెన్షన్ మీకొద్దు.