ముడి చమురు పడిన వరిచేనును బాగుచేయడం

కోనసీమలో పైపులైను చిల్లుపడి చేలోకి చమురు వస్తే చాలామంది ముందు పార అందుకుంటారు, గట్టుకు గండి కొట్టి నీళ్లు వదిలేద్దామని. అది చేయొద్దు. చేలో నీళ్లున్నంతసేపూ చమురు పైనే తేలుతుంది, మట్టిని పెద్దగా అంటదు. నీళ్లు తీసేస్తే నేరుగా ఒండ్రు మీద పరుచుకుంటుంది, మిగిలింది మురుగు కాలవకు పోయి అక్కడ చేపలు పట్టుకునే యానాది కుటుంబాల పొట్ట కొడుతుంది. దాళ్వా కోతల తర్వాత నల్లరేగడి నెర్రెలిచ్చి ఉంటే ఇంకా కష్టం, చమురు ఆ నెర్రెల్లోంచి అడుగుల లోతుకు దిగుతుంది.

గ్యాసు తగ్గిందని అగ్నిమాపక సిబ్బంది చెప్పేదాకా చేలోకి దిగొద్దు. బీడీ, మోటారు స్విచ్చి రెండూ ప్రమాదమే. తహసీల్దారుకూ కాలుష్య నియంత్రణ మండలికీ రాసిచ్చి, శుభ్రం చేయకముందే పంచనామా, ఫొటోలు తీయించండి. కౌలు రైతు పేరు అందులో పడాలి. తర్వాత పడదు.

తేలిన చమురు తీయడానికి తూము పక్కన రెండడుగుల గుంట తవ్వండి. నాలుగంగుళాల పీవీసీ పైపును లోపలి మూతి గుంట అడుగున, బయటి మూతి చేలోని నీటిమట్టానికి కాస్త దిగువన ఉండేలా గట్టులో పెట్టండి. అడుగు నీరు మాత్రమే బయటికి పోతుంది, చమురు గుంటలో చేరుతుంది. దాన్ని పొడి కొబ్బరి పొట్టుతో అద్దించండి, తడి పొట్టు నూనె పట్టదు. నూనె పట్టిన పొట్టు, గడ్డి ప్రమాదకర వ్యర్థాలు. అనుమతి ఉన్న సంస్థే తీసుకెళ్లాలి, ఆ ఖర్చు చమురు కంపెనీదే. పెంటకుప్పలో వేయొద్దు, తగలబెట్టొద్దు. సబ్బునీళ్లు చల్లితే చమురు సన్నటి బొట్లుగా విడిపోయి బంకమట్టిలోకి దిగుతుంది.

తర్వాత 0–15, 15–30, 30–60 సెంటీమీటర్ల లోతుల్లో నమూనాలు తీయండి. ప్లాస్టిక్ వద్దు, గాజు సీసాల్లో నింపి ఐసులో పెట్టి పంపండి. చమురు పడని పక్క చేను నమూనా కూడా ఉండాలి. హైడ్రోకార్బన్లతో (అంటే మట్టిలో మిగిలిన చమురుతో) పాటు ఈసీ (మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత), సోడియం కూడా చూడమనండి. చమురుతో పాటు చమురు బావిలోని ఉప్పునీరు కూడా వస్తుంది.

ఇక్కడినుంచి నీళ్లు అడ్డు. చమురును తినే సూక్ష్మజీవులు మన మట్టిలోనే ఉన్నాయి, వాటికి గాలి కావాలి. నీళ్లు నిలిచిన చేలో పని దాదాపు ఆగిపోతుంది. అందుకే జనవరి నుంచి మే వరకు అనువైన కాలం. గాలీ నత్రజనీ అందకపోతే ఎంత ఖరీదైన బాక్టీరియా ప్యాకెట్టు చల్లినా దండగే.

ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 850 టన్నులు. అందులో 1 శాతం చమురుంటే 8.5 టన్నులు, అంటే దాదాపు 7 టన్నుల కర్బనం. వంద పాళ్ల కర్బనానికి ఒక పాలు నత్రజని లెక్కన యూరియా మూడున్నర బస్తాలు, దానితో రెండు బస్తాల సూపర్ ఫాస్ఫేటు. యూరియాను మూడు దఫాలుగా, రెండు మూడు వారాల ఎడంతో వేయండి. వందకు పది పాళ్లన్న లెక్క పట్టుకుంటే ముప్ఫై అయిదు బస్తాలవుతుంది, అంత ఎరువులోని ఉప్పుకు సూక్ష్మజీవులే చస్తాయి. మాగిన పశువుల ఎరువు రెండు ట్రక్కులు కలపండి. మాగని కొబ్బరి పొట్టు కలిపితే అదే నత్రజనిని లాగేసుకుంటుంది.

వారానికోసారి రోటవేటర్ తిప్పండి. పిడికిట పడితే మట్టి ముద్ద కట్టాలి, నీరు కారకూడదు. మరీ తడిగా దున్నితే రేగడి జిడ్డు గడ్డలు కట్టి లోపలికి గాలి పోదు. ఆరితే తడి చల్లండి, ఉప్పుబోరు నీళ్లతో మాత్రం కాదు. నెలలో వాసన పోతుంది, దానికి మోసపోవద్దు. తేలిక భాగం ఆవిరైందంతే, బరువు భాగం ఉంటుంది. రెండు నెలలకు మళ్లీ పరీక్ష చేయించండి. చమురు వ్యర్థాల శుద్ధిలో సాధారణంగా 0.5 శాతం లోపు లక్ష్యంగా పెట్టుకుంటారు. పంటకు అదొక్కటే చాలదు. ఆ మట్టిలో వంద, మంచి మట్టిలో వంద పెసలు నాటి వారం తర్వాత లెక్కపెట్టండి. మొలకల్లో తేడా బాగా కనిపిస్తే ఇంకో రెండు నెలలు దున్నాల్సిందే.

చమురు పోయినా వరి ఆకుల కొనలు ఎండుతున్నాయంటే అది ఉప్పు. ఈసీ 4 (డెసీసీమెన్స్/మీటరు) దాటితే మంచినీళ్లు పెట్టి మురుగు కాలవలోకి తీయాలి, పక్కవాళ్ల బోదెలోకి కాదు. సోడియం ఎక్కువుంటే ముందు ల్యాబు చెప్పిన మోతాదులో జిప్సం వేసి కలియదున్నండి. జిప్సం లేకుండా కడిగితే రేగడి మూసుకుపోయి నీరే ఇంకదు. మొదటి పంటగా పచ్చిరొట్ట ఎరువు జీలుగ చల్లి పూతకు ముందే కలియదున్ని, ఆ తర్వాత సార్వాకు వరి నాటండి.