పొగమంచులో ఘాట్ రోడ్డు మీద ఒంటరిగా కారు నడపడం ఎలా?

డిసెంబరు, జనవరి నెలల్లో విజయవాడ, గుంటూరు నుంచి కొండలకు బయలుదేరే కార్ల సంఖ్య బాగా పెరుగుతుంది. కొందరు రాజమండ్రి దాటి మారేడుమిల్లి వైపు వెళ్తారు, కొందరు నర్సీపట్నం మీదుగా లంబసింగి, పాడేరు వెళ్తారు, మరికొందరు వినుకొండ, త్రిపురాంతకం, ఎర్రగొండపాలెం మీదుగా దోర్నాల చేరి నల్లమల ఘాట్‌లో శ్రీశైలం వెళ్తారు. మనకు రోజూ అలవాటైనవి చదునైన రోడ్లు. ఒక పక్క కొండ, మరో పక్క లోయ ఉన్న ఇరుకు దారిలో మంచు కమ్మితే ఎలా నడపాలో ఆ అలవాటు నేర్పదు. పైగా కారులో ఒక్కరే ఉన్నప్పుడు అంచు చూసి చెప్పేవారు, ఫోన్ తీసి మాట్లాడేవారు, నిద్ర వస్తున్నదని గుర్తించి ఆపించేవారు ఉండరు. అందువల్ల ఈ ప్రయాణానికి సంబంధించిన పెద్ద నిర్ణయాలన్నీ కొండ కింద ఉండగానే తీసుకోవాలని, పైకి వెళ్లాక వాటి గురించి ఆలోచించాల్సిన అవసరమే రాకూడదని నా అభిప్రాయం.

మంచు ఎప్పుడు పడుతుందో తెలుసుకోండి

చలికాలంలో ఆకాశం నిర్మలంగా ఉండి గాలి వీచని రాత్రుల్లో నేల త్వరగా చల్లబడుతుంది. దాన్ని ఆనుకుని ఉన్న గాలిలోని తేమ సన్నని నీటి బిందువులుగా మారి పొగమంచు అవుతుంది. ఇది తెల్లవారుజామున మొదలై సూర్యోదయానికి అటూ ఇటూ బాగా చిక్కబడి, ఎండ నేలకు తగిలిన తరువాత క్రమంగా విడిపోతుంది. చల్లగాలి బరువు వల్ల పల్లానికి దిగుతుంది కనుక లోయల్లో, వాగుల పక్కన, తాజంగి వంటి జలాశయాల దగ్గర మంచు ఎక్కువగా పేరుకుంటుంది. కాబట్టి ఘాట్ మొదట్లో రోడ్డు స్పష్టంగా కనిపించినంత మాత్రాన పై వరకు అలాగే ఉంటుందనుకోకూడదు. ఒక మలుపు తిరిగి చిన్న పల్లంలోకి దిగగానే దారి మూసుకుపోవచ్చు. వర్షాకాలంలో పరిస్థితి వేరు. అప్పుడు కొండను కప్పేది మేఘమే కనుక, అది మధ్యాహ్నమైనా తొలగకపోవచ్చు. ఎండ వచ్చేదాకా ఆగుదామన్న పద్ధతి ఆ రోజుల్లో పనిచేయదు; ప్రయాణాన్ని మరో రోజుకు మార్చుకోవడమే మంచిది.

భారత వాతావరణ శాఖ లెక్క ప్రకారం వెయ్యి మీటర్ల లోపు మాత్రమే కనిపిస్తే అది పొగమంచు, 200 మీటర్ల లోపైతే దట్టమైన మంచు, 50 మీటర్ల లోపైతే అతి దట్టమైన మంచు. చదునైన హైవే మీద 200 మీటర్లు తక్కువ అనిపిస్తాయి, ఘాట్‌లో అవి చాలా ఎక్కువ. 50 మీటర్ల లోపు మాత్రమే కనిపిస్తున్నదంటే ఒంటరిగా కొండ ఎక్కడం మొదలుపెట్టకూడదు.

బయలుదేరే వేళను మార్చండి

ఈ విషయంలో మన ప్రాంతంలో ఒక చెడ్డ అలవాటు స్థిరపడింది. లంబసింగిలో సూర్యోదయం చూడాలని రాత్రి పది గంటలకు విజయవాడలో బయలుదేరతారు. నర్సీపట్నం దాకా సుమారు 300 కిలోమీటర్లు నడిపి, తెల్లవారుజామున నాలుగు గంటలకు ఘాట్ ఎక్కడం మొదలుపెడతారు. రాత్రంతా మేలుకున్న కళ్లు, చీకటి, మంచు చిక్కబడే వేళ, పరిచయం లేని దారి, ఈ నాలుగూ ఒకేసారి కలుస్తాయి. నలుగురు వెళ్లే కారులో ఒకరు అలసిపోతే మరొకరు స్టీరింగ్ పట్టుకోవచ్చు, ఒంటరి ప్రయాణంలో ఆ అవకాశం లేదు.

దీనికి బదులుగా ఉదయం అల్పాహారం చేసి బయలుదేరి, సాయంత్రానికి కొండ కింది ఊరు చేరి, రాత్రి అక్కడే బస చేయండి. మరునాడు తొమ్మిది గంటల ప్రాంతంలో, ఎండ పడి మంచు పలచబడ్డాక ఘాట్ ఎక్కండి. సూర్యోదయం తప్పకుండా చూడాలనుకుంటే ముందురోజు వెలుతురు ఉండగానే పైకి చేరి అక్కడే రాత్రి ఉండాలి. సముద్ర మట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున్న ఊరు కనుక చలిదుస్తులు వెంట ఉంచుకోవాలి. దిగే రోజున కూడా ఇదే నియమం: మధ్యాహ్నం దాటకుండా దిగడం మొదలుపెడితే చీకటి పడేలోపు చదును రోడ్డు మీద ఉంటారు.

శ్రీశైలం వెళ్లేవారికి ఈ నిర్ణయాన్ని కొంతవరకు అటవీ శాఖే తీసుకుంటుంది. నల్లమల దారి పులుల అభయారణ్యం గుండా వెళ్తుంది కనుక సాధారణంగా రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు చెక్‌పోస్టు గేట్లు మూసివేస్తారు. గేటు ఎత్తగానే వరుసలో ముందు దూసుకుపోవాలన్న తొందర అక్కడ చాలామందిలో కనిపిస్తుంది. మంచు ఉన్న ఉదయం దోర్నాలలో మరో గంట ఆగి, టీ తాగి, ఆ వాహనాలన్నీ వెళ్లిపోయాక బయలుదేరడం వల్ల నష్టమేమీ లేదు.

బండిని, దారిని, ఇంటివాళ్లను సిద్ధం చేయండి

ప్రయాణానికి వారం ముందు ఆటోనగర్‌లో మీకు తెలిసిన మెకానిక్‌తో బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్, టైర్లు, ముందూ వెనకా ఉన్న అన్ని లైట్లు చూపించండి. వైపర్ రబ్బర్లను ప్రత్యేకంగా గమనించండి. మన ఎండలకు అవి గట్టిపడిపోతాయి, వర్షం లేని నెలల్లో ఆ సంగతి మనకు తెలియదు. వాటిని మార్చడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. వాషర్ డబ్బా నిండుగా ఉంచుకుని, ముందు అద్దాన్ని లోపలి వైపు శుభ్రమైన పొడి గుడ్డతో తుడవండి. లోపల పేరుకున్న జిడ్డు పొర మంచులో ఎదురు బండి లైటు పడగానే అద్దమంతా తెల్లగా మెరిసేలా చేస్తుంది.

ఏజెన్సీ ప్రాంతంలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు కనుక మ్యాప్‌ను ముందే ఫోన్‌లో దించుకోండి. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది; ముందున్న మలుపు ఎటు తిరుగుతుందో తెలుసుకోవడానికి మ్యాప్ బాగా ఉపయోగపడుతుంది. ఆ మలుపులో గేదె పడుకుని ఉన్నదా, లారీ ఆగి ఉన్నదా అనేది మాత్రం మీ కళ్లే చూడాలి.

ఇంట్లో ఒకరికి మూడు విషయాలు రాసి ఇవ్వండి: ఏ దారిన వెళ్తున్నారు, ఘాట్ ఎక్కే ముందు ఎక్కడి నుంచి ఫోన్ చేస్తారు, ఎన్ని గంటలకు అవతలి ఊరు చేరి మళ్లీ ఫోన్ చేస్తారు. ఆ సమయం దాటి ఎంతసేపటికి ఫోన్ రాకపోతే 112కు చెప్పాలో కూడా ముందే అనుకోండి. మంచు వల్ల ఆలస్యం సహజమే కనుక రెండు గంటల వెసులుబాటు ఇవ్వడం మంచిది. లేకపోతే ఇంట్లో వాళ్లు కంగారు పడతారని మీరు తొందరపడతారు.

ఘాట్ అలవాటు లేనివారు పగటిపూట, మంచు లేనప్పుడు, నరసరావుపేట దగ్గరి కోటప్పకొండ ఘాట్ రోడ్డు మీదో కొండవీడు కోట దారిలోనో ఎక్కి దిగి, గేరులో దిగడం సాధన చేయండి. మంచుతో తొలి పరిచయం, కొండతో తొలి పరిచయం ఒకే రోజు కాకూడదు.

అద్దం మసకబారితే

మంచులో నడిపేవారిని బయటి మంచు కన్నా అద్దం మీది ఆవిరే ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది. అద్దం మసకబారగానే లోపలి వైపు ఒక మూలన వేలితో గీసి చూడండి. గీత పడితే ఆవిరి లోపలిది. గీత పడకపోతే బయటిది; వైపర్ ఒక్కసారి తిరిగితే పోతుంది.

లోపలి ఆవిరి మన ఊపిరి వల్ల, తడి బట్టల వల్ల పడుతుంది. దీన్ని పోగొట్టడానికి ఏసీ వేసి, గాలిని ముందు అద్దం వైపు మళ్లించి, వేడి వైపు తిప్పండి. ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది, వేడి అద్దాన్ని ఆరబెడుతుంది. మరో ముఖ్యమైన మీట ఉంది. మన ఎండలకు, దుమ్ముకు భయపడి లోపలి గాలే తిరిగేలా ఉంచే మీటను ఏడాది పొడవునా నొక్కి ఉంచుతాము. కొండ మీద దాన్ని తీసివేసి బయటి గాలి లోపలికి రానివ్వాలి, లేకపోతే మీ ఊపిరిలోని తేమంతా కారులోనే తిరుగుతుంది. దీనికి భిన్నంగా ఆవిరి బయటి వైపు పదేపదే పడుతుంటే చల్లటి ఏసీ గాలి అద్దానికి తగులుతున్నదని అర్థం. దాన్ని కాళ్ల వైపు మళ్లించండి. నడుపుతూ గుడ్డతో అద్దం తుడిచే ప్రయత్నం మాత్రం చేయవద్దు.

లైట్లు

హై బీమ్ వేస్తే బాగా కనిపిస్తుందనిపించడం సహజం. కానీ ఆ వెలుగు నీటి బిందువులకు తగిలి తెల్లటి గోడ మీద టార్చి వేసినట్టు వెనక్కి మీ కళ్లలోకే వస్తుంది. లో బీమ్, దానితో పాటు ముందు ఫాగ్ లైట్లు వేయండి. ఫాగ్ లైట్లు కిందికి అమర్చి ఉండటం వల్ల రోడ్డు అంచును దగ్గరగా చూపిస్తాయి. పగలు కూడా లైట్లను మీ చేతితోనే వేయండి. కొత్త కార్లలో తమంతట తామే వెలిగే పగటి లైట్లు చాలావాటికి ముందు వైపే ఉంటాయి, వెనక ఎర్ర లైట్లు వెలగవు. ఆటో స్విచ్‌కు తెల్లటి మంచు వెలుతురుగానే తోస్తుంది కనుక దాన్ని నమ్ముకోలేము.

నాలుగు ఇండికేటర్లూ కలిపి కొట్టే హజార్డ్ లైట్లు కారు ఆగి ఉన్నప్పుడు వేయాల్సినవి. కదులుతూ వేస్తే మీరు ఎటు తిరుగుతున్నారో వెనకవారికి తెలియదు, ఆగి ఉన్నారో నడుస్తున్నారో కూడా అర్థం కాదు.

వేగం ఎంత ఉండాలి

గంటకు 30 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు ఎనిమిది మీటర్లకు పైగా ముందుకు వెళ్తుంది. అడ్డం చూసి, కాలు బ్రేకు మీద వేసి, తడి రోడ్డు మీద ఆగేసరికి సుమారు 20 మీటర్లు పడుతుంది. 60లో అయితే దాదాపు 60 మీటర్లు కావాలి. ఒకే వరుస ఉన్న రోడ్డు మీద ఎదురుగా మరో బండి కూడా మీ వైపే వస్తూ ఉండవచ్చు, దానికీ ఆగడానికి చోటు కావాలి. అందువల్ల కనిపిస్తున్న దూరంలో సగంలోనే మీరు ఆగగలగాలి.

దీన్ని లెక్కకట్టడానికి టేపు అక్కరలేదు. రోడ్డు పక్కన ఒక రాయో, రెయిలింగ్ స్తంభమో మంచులోంచి తొలిసారి కనబడగానే సెకనుకు ఒకటి చొప్పున లెక్కపెట్టండి. దాని పక్కకు చేరడానికి ఐదు సెకన్లు పడితే మీ వేగం ఫరవాలేదు. మూడుకే చేరిపోతే వేగం ఎక్కువ. పదిహేను కిలోమీటర్ల వేగంలో కూడా ఐదు సెకన్లు రాకపోతే ఆగాల్సిన సమయం వచ్చిందని గుర్తించండి. వెనకవారు హారన్ కొడుతున్నారని మీ లెక్క మార్చుకోకండి. వెడల్పు ఉన్న చోట ఎడమకు తీసి వారిని ముందుకు వెళ్లనివ్వండి. అలా వెళ్లినవారి ఎర్ర లైట్లను పట్టుకుని వెంట నడవడం ధైర్యంగా అనిపిస్తుంది కానీ, తెలియకుండానే వారికి మరీ దగ్గరవుతాము, వారి వేగమే మన వేగమవుతుంది.

మలుపులు, ఎదురు బండ్లు

చూపును ఎడమ అంచు తెల్ల గీత మీద ఉంచండి. మధ్య గీతను పట్టుకుని నడిపితే, ఎదురుగా అదే గీతను పట్టుకుని వచ్చేవారికి అడ్డంగా వెళ్తారు. పాటలు ఆపేసి, మీ వైపు కిటికీని నాలుగు వేళ్లంత దించండి. మంచులో లారీ కనిపించడానికి ముందే దాని ఇంజిన్ మోత వినిపిస్తుంది.

హెయిర్‌పిన్ మలుపుకు ముందే వేగం తగ్గించి, గేరు దించి, హారన్ కొట్టి, ఒక క్షణం జవాబు కోసం వినండి. మలుపు మధ్యలో బ్రేకు వేయడం, గేరు మార్చడం వద్దు. బస్సులు, పొడవాటి లారీలు మలుపు తిరగడానికి రోడ్డంతా తీసుకుంటాయి కనుక, మోత వినబడితే మలుపుకు ఇవతలే ఆగి వాటిని రానివ్వండి. ఇరుకు దారిలో ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలన్నది 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నియమావళిలో ఉన్న నిబంధన. ఆ నిబంధన ఎదుటివారికి తెలుసని మాత్రం అనుకోకండి. ఓవర్‌టేక్ అనే ఆలోచనే పెట్టుకోవద్దు.

దిగేటప్పుడు

ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పే మాట ఇప్పటికీ సరైనదే. రెండో గేరులో ఇంజినే కారును పట్టి ఉంచుతుంది. ఆటోమేటిక్ కార్లలో ఎల్ లేదా మాన్యువల్ పద్ధతి వాడాలి. బ్రేకు మీదే కాలు నొక్కి ఉంచితే ప్యాడ్లు వేడెక్కి పట్టు కోల్పోతాయి. డీజిల్, పెట్రోలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దించడం ప్రాణాంతకం. కాలుతున్న వాసన వస్తే వెడల్పైన చోట ఆపి, పావుగంటో అరగంటో చల్లారనివ్వండి. వేడి బ్రేకుల మీద నీళ్లు పోయవద్దు.

ఆగాల్సి వస్తే

మలుపులోనూ, మలుపు దాటగానే కూడా ఆగకూడదు. వ్యూ పాయింటు, ఊరి మొదలు, గుడి ముందటి ఖాళీ స్థలం వంటి చోట్ల రోడ్డు నుంచి పూర్తిగా పక్కకు తీసి, హ్యాండ్ బ్రేక్ వేసి, హజార్డ్ లైట్లు వేయండి. దిగే ముందు తలుపు పక్కన నేల ఉందో లేదో చూసుకోండి. మంచులో లోయ అంచు కనిపించదు. కారు చెడిపోయి రోడ్డు మీదే ఆగిపోతే, అందులో కూర్చోకుండా కొండ వైపు దూరంగా నిలబడండి. ఎర్ర త్రిభుజాన్ని వెనకవారు మలుపు తిరగకముందే చూసేలా, కనీసం 50 మీటర్లు వెనక్కి పెట్టండి.

సహాయం కోసం 112కు, గాయాలైతే 108కు ఫోన్ చేయండి. మీ నెట్‌వర్క్ లేకపోయినా అక్కడ మరో కంపెనీ సిగ్నల్ ఉంటే 112కు కాల్ కలిసే అవకాశం ఉంది. మొదటగా చెప్పాల్సింది మీరున్న చోటు. దానికి కిలోమీటరు రాయి ఉపయోగపడుతుంది: పై భాగం పసుపు రంగైతే జాతీయ రహదారి, ఆకుపచ్చైతే రాష్ట్ర రహదారి. అందుకే దారిలో దాటిన ప్రతి రాయి మీది అంకెను పైకి చదువుతూ వెళ్లడం అలవాటు చేసుకోండి. కారు ఆగిపోయిన చోట రాయి కనబడకపోయినా, చివరగా చదివిన అంకె, దాటిన తరువాత ఎన్ని నిమిషాలు నడిపారనేది చెబితే వచ్చేవారు మిమ్మల్ని చేరుకోగలరు.